ఊళ్లోకెల్లా పెద్ద చుక్క

ఆ కాలంలో మనిషి మొహం కంటే ముందు ఫోన్‌లోని ఊరి పటంలో అతని చుక్కను చూసేవారు. ఎవరికెవరు కావలసినవారో చుక్కల మధ్య గీతలు చెప్పేవి. చుక్క రంగును బట్టే పాలవాడు సైతం ఆ గుమ్మం ముందు ఆగాలో వద్దో తేల్చుకునేవాడు.

పట్టణ సంఘం అధ్యక్షుడు గంగునాయుడు, తనకు ఎదురుచెప్పిందని టిఫిన్ బండి తవిటమ్మ చుక్కకు బూడిద రంగు వేయించాడు. బూడిద చుక్కంటే వెలి; మర్నాటి నుంచి ఆమె దోసెలు కొన్నవాడు లేడు. పలకరించే దిక్కులేక, రెండేళ్లకు దిగులుతోనే కన్నుమూసింది.

కూతురు ఇందుమతి పట్టుబట్టి కోడ్ రాయడం నేర్చుకుంది. చుక్కల రంగూ పరిమాణమూ దిద్దే ఉద్యోగంలోనే చేరి, పదేళ్లు కాచుక్కూర్చుంది.

పదవి దిగే ముందు గంగునాయుడే వచ్చాడు. "ఊళ్లో అందరికన్నా నా సుక్క పెద్దగా కనబడాలమ్మా!"

"అలాగే బాబూ," అంది.

అతను ఎంతమందికి బూడిద రంగు వేయించాడో లెక్కగట్టి, చుక్కను అంత పెద్దది చేసింది. నాలుగువందల పన్నెండు మంది! తాకితే, 'ఈయన బూడిద రంగు వేయించినవాళ్లు' అంటూ వాళ్ల పేర్లన్నీ కనిపించేలా కోడ్ రాసింది. సన్మాన సభలో, గోడంత తెర మీద, అతని మనవరాలే ముచ్చటపడి ఆ చుక్కను తాకింది. పేర్లు చదివి, తాత పక్కన కూర్చోకుండా వెళ్లిపోయింది.

మూడోనాడు అతను ఒంటరిగా వచ్చాడు. "నాకూ ఆ బూడిద రంగే ఏసీయమ్మా. ఎవల కంటా పడకుండా బతుకుతాను."

ఇందుమతి తలెత్తి అతని కళ్లలోకి చూసింది.

"నేను తవిటమ్మ కూతుర్ని బాబూ. మా అమ్మతో సహా అందరి రంగులూ నిన్ననే తిరిగిచ్చేశాను. ఆ బూడిద రంగును కోడ్‌లోంచే తీసిపారేశాను."