ఫోన్లలో తిరిగిన మాట

రెండో దెబ్బకి వెంకటరమణ మాస్టారు సిద్ధగోరా రోడ్డు మీద కూలబడ్డారు. నెత్తురు చొక్కా మీదకి కారింది. జయప్రకాష్ ఇనుప రాడ్డు మళ్లీ ఎత్తాడు.

"నా సెల్లి మీద సెయ్యేత్తావా?"

మాస్టారు తెలుగు సంఘం ఎన్నికల్లో నిలబడిన దగ్గర్నుంచీ, ట్యూషన్‌కొచ్చే వెన్నెలతో ఆయన తప్పుగా ప్రవర్తించారన్న మెసేజ్ అందరి ఫోన్లలో తిరుగుతోంది.

వెన్నెల పరుగున వచ్చి అడ్డం నిలబడింది. "అన్నా, ఆపు! మాస్టారు నన్నేటీ సెయ్యలేదు. నన్నొక్కసారైనా అడిగేవా?"

"మరి అందరూ..."

"అందరికీ ఎవుడు సెప్పేడు?"

జయప్రకాష్ రాడ్డు దించాడు.

గుంపులో ఒకడు వీడియో తీస్తూ నవ్వాడు. "దేఖో, ఎలా కాపాడతందో! అంటే నిజమేనన్నమాట."

జయప్రకాష్ రాడ్డుతో వాడి మీదికి దూకాడు. వాడు బెదరలేదు. "కొట్టు భాయ్. ఇదీ గ్రూపులో పెడతాను."

ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. నిన్న తను నమ్మినట్టే, రేపు వెన్నెల గురించి ఏం రాసినా ఊరు నమ్ముతుంది.

మాస్టారు మూలిగారు. "నువ్వు ఇంటికెల్లిపోమ్మా. నీ పేరు కూడా పాడవుద్ది."

జయప్రకాష్ రాడ్డు పారేసి, ఆయన భుజం కింద చెయ్యేసి లేపాడు.

"సెల్లీ," అన్నాడు, "అటేపు నువ్వు పట్టుకో. తీసుకోనీ వీడియో."