మీగడ పరీక్ష

“అబద్ధం! ఈ పిల్ల తినే వచ్చింది.”

డాక్టర్ చిన్న గాజు గొట్టాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. అందులో ఉన్నది పిల్ల రక్తం నుంచి వేరుచేసిన సీరం. లేత పసుపుగా, తేటగా ఉండాల్సింది పాలు కలిపినట్టు తెల్లగా ఉంది.

“నేనేం తినలేదు,” అంది పిచ్చుక. ఐదో ఏటి నుంచీ షుగర్ ఉన్న ఆ పదకొండేళ్ల పిల్లను ఇంట్లో అలాగే పిలుస్తారు.

“తినకపోతే నాలుగు నెలల్లో మూడుసార్లు ఇన్సులిన్ పెంచినా షుగర్ ఎందుకు దిగదు? ఇంజెక్షన్లు ఎగ్గొడుతోందా?”

“లేదండీ, నా చేత్తో నేనే వేస్తున్నా,” అంది తల్లి. తెల్లారకముందే డ్యూటీకెళ్లిన మనిషి, ఫ్యాక్టరీ యూనిఫాంలోనే పరుగెత్తుకొచ్చింది. “పరగడుపున రమ్మంటే మెక్కి వస్తావా?”

ఆమె ఎత్తిన చెయ్యి పడకముందే నాయనమ్మ అడ్డం వచ్చింది.

“దాన్నేమీ అనకు అమ్మాయ్. నేనే పెట్టాను. పొద్దున్నే గిన్నెడు మీగడ, పంచదార. ఇద్దరం కలిసి తిన్నాం.”

“నాయనమ్మా! నువ్వు...”

“నువ్వూరుకోవే.”

తల్లి ముఖం కందగడ్డ అయింది. “నా బిడ్డ ప్రాణంతో ఆటలాడుతున్నారా అత్తయ్యా? రేపే మిమ్మల్ని వదిన ఇంటికి దింపేస్తా. బట్టలు సర్దుకోండి. ఇక దీని జోలికి రాకండి!”

పిచ్చుక నాయనమ్మ కొంగు పట్టుకుంది. వదల్లేదు.

ల్యాబ్ టెక్నీషియన్ ముందుకొచ్చింది. పిల్లలంతా ఆమెను సూదమ్మ అంటారు.

“సార్, ఒక్క రోజు ఆగండి. ఈ గొట్టాన్ని రేపటిదాకా ఫ్రిజ్‌లో నిలబెడతా.”

“దేనికి? రక్తంలో కొవ్వెంతుందో మెషీన్ చెబుతుందిగా.”

“ఎంతుందో చెబుతుంది. ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పదు. తిన్న కొవ్వైతే పైకి తేలి మీగడ కడుతుంది. ఒళ్లు సొంతంగా తయారుచేసుకున్నదైతే తేలదు, ఇలాగే ఉంటుంది.” నాయనమ్మ వైపు తిరిగింది. “ఒకే గిన్నెలో తిన్నారుగా మామ్మగారూ? ఏదీ, మీ చెయ్యి కూడా ఇవ్వండి.”

“నాకెందుకే తల్లీ? నాకు షుగరూ లేదు, బెల్లమూ లేదు!”

“చీమ కుట్టినట్టుంటుంది, అంతే.”

మర్నాడు ఉదయం అందరూ ఫ్రిజ్ ముందు నిలబడ్డారు.

డాక్టర్ పిచ్చుక గొట్టం తీశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పై నుంచి అడుగు దాకా అదే తెలుపు. మీగడ లేదు. రిపోర్టు అందుకున్నాడు. ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో కొవ్వు, బాగా ఎక్కువ, మంచి కొలెస్ట్రాల్ బాగా తక్కువ.

“పాప తినలేదు,” అన్నాడు నెమ్మదిగా. “ఇన్సులిన్ లోపలికి వెళ్తోంది, ఒళ్లే దాని మాట వినడం లేదు. అది చూడకుండా నేను మోతాదు పెంచుతూ పోయాను. తప్పు నాది పాపా. ఇవాళే మందు మారుద్దాం.” సూదమ్మ వైపు తిరిగాడు. “పుస్తకాలు నేను చదివాను. రక్తం చదవడం మాత్రం నీకే వచ్చమ్మా.”

తల్లి అత్తగారి మీదకు తిరిగింది.

“అంటే గిన్నె మొత్తం మీరే లాగించారా? పసిదాని పేరు చెప్పి! అది ఖాళీ కడుపుతో ఎదురుగా కూర్చుంటే మీకు ముద్ద ఎలా దిగింది అత్తయ్యా?”

నాయనమ్మ తల దించుకుంది.

సూదమ్మ రెండో గొట్టం తీసి తల్లి చేతిలో పెట్టింది. లేత పసుపు, అద్దంలా తేట. మీగడ మాట అటుంచి చిన్న తెల్ల చారైనా లేదు.

“ఇది మామ్మగారిది. షుగర్ డెబ్బై రెండు. ఈవిడా ఏమీ తినలేదు.”

తల్లికి అర్థం కాలేదు. “మరి... అత్తయ్యా?”

పిచ్చుకే చెప్పింది.

“నీకు చెప్పొద్దందమ్మా. నాకు రక్తం తీసే రోజు నాయనమ్మ కూడా పస్తే. ఆరేళ్ల నుంచీ.”