భుజం ఎగరేసిన పిల్ల

“ఫోన్ లోపల పెట్టు పెద్దులూ. ట్రైలర్ వచ్చి నిలబడుకొనుంది.”

ఫోర్‌మన్ ఫక్రుద్దీన్ గొంతు వినగానే ఎడారి దేశంలోని రుసైల్ టైల్స్ గోడౌన్‌లో భోజనాలు చేస్తున్నవాళ్లంతా లేచారు. పెద్దులు లేవలేదు. తినాల్సిన రొట్టె పక్కన పెట్టేసి, టైల్స్ పెట్టెకు ఫోన్ ఆనించి కళ్లార్పకుండా చూస్తున్నాడు.

“ఒక్క ఐదు నిమిషాలు భాయ్. నా బిడ్డ ఆడుతున్నది.”

ఫక్రుద్దీన్ విసుగ్గా వంగి చూశాడు. “ఏందది, క్రికెట్టా?”

“కాదు, బేస్‌బాల్. నిజామాబాద్‌ల సెలక్షన్ మ్యాచ్. పొద్దుగాల పిల్లలను రెండు జట్లు చేసిండ్రట. వాళ్ల మేడం ఫోన్ల చూపెడుతున్నది.”

గ్రౌండ్ అంచు నుంచి తీస్తున్న వీడియో అది. అందరికీ టోపీలు, హెల్మెట్లు. ఒక్క ముఖమూ కంటికి ఆనడం లేదు.

“ఇందులో మీ పాప ఎవురు?”

“అగో, బాల్ విసురుతున్నదే, ఆమెనే మా శ్రీలత. విసిరేముందు భుజం ఎట్ల ఎగరేస్తున్నదో సూడు. గడ్డిమోపు ఎత్తుకునేటప్పుడు వాళ్లమ్మ శాంతవ్వ గట్లనే ఎగరేస్తది.”

“పాపను చూసి ఎన్నేండ్లాయ?”

“నాలుగు. నేనొచ్చేటప్పుడు నా నడుముకాడికి ఉండె.” పెద్దులు తెర మీద వేలు పెట్టి ఆ బొమ్మను పెద్దది చేయబోయాడు. అది మరింత మసకబారింది. “ఏడు ఇన్నింగ్సుల ఆట భాయ్, అవతలోళ్లు ఇరవైసార్లు బ్యాటింగ్‌కొచ్చిండ్రు. ఒక్కతి కూడ మొదటి బేస్ తొక్కలే. ఇంకొక్కతి ఔటైతే పర్ఫెక్ట్ గేమ్. పద్దెనిమిది వందల ఎనభైల అమెరికాల ఒకాయన మొదటిసారి గట్ల చేసిండట.”

“నీకెట్ల తెలుసప్పా ఇవన్నీ?”

“శుక్రవారం ఫోన్ చేస్తే దానికి గదే ముచ్చట. రూల్స్ రాసుకొని ఆడిన మొదటి మ్యాచ్‌ల, ఆ రాసినోళ్లే ఇరవైమూడు ఒకటితోని ఓడిపోయిండ్రట. ఓడితే ఏమాయె బాపూ, పేరు నిలిచిపోయిందంటది. నాకు సగం సమజ్ గాదు. గొంతు ఇనొచ్చని అడుగుత.”

బయట ట్రైలర్ హారన్ మోగింది. ఫక్రుద్దీన్ డ్రైవర్‌కు ఆగమని చెయ్యి ఊపి, పెద్దులు పక్కన పెట్టె మీద కూర్చున్నాడు.

ఆఖరి పిల్ల బ్యాట్ పట్టుకుని వచ్చింది. మొదటి బంతి తగల్లేదు. రెండోదీ తగల్లేదు. ఇంకొక్కసారి ఊపి తప్పితే ఔటే. మూడోది బ్యాట్ అంచుకు తగిలి గీత బయటికి పోయింది.

“పడగొట్టు బిడ్డా! దాన్ని నిలవనియ్యకు!” పెద్దులు అరిచాడు.

బంతి వచ్చింది. ఆ పిల్ల ఒళ్లంతా తిప్పి బ్యాట్ ఊపింది. గాలి తప్ప ఏమీ తగల్లేదు. ఔట్!

జట్టంతా పరుగెత్తుకొచ్చి బంతి విసిరిన పిల్లను భుజాలకెత్తుకుంది. పెద్దులు ఫోన్‌ను ముద్దు పెట్టుకున్నాడు. ఫక్రుద్దీన్ అతన్ని గట్టిగా వాటేసుకున్నాడు. “ముందు పాపకు ఫోన్ చెయ్యి. ట్రైలర్ సంగతి నేను చూసుకుంటా.”

చాలాసేపు మోగాక అవతల ఎత్తారు.

“బాపూ... చూసినవా?”

“మొత్తం చూసిన బిడ్డా! ఆ ఆఖరి పిల్లను ఎట్ల పడగొట్టినవే!”

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

“ఆ ఆఖరి పిల్లను నేనే బాపూ.”