మేకు చిల్లు

ఆంట్‌వెర్ప్‌లో చర్చి లోపలి బొమ్మ ఒక్కడే వెయ్యడు. మా గోమర్ మేస్త్రి బొమ్మ వేసే చెక్క మీద సన్న మేకు కొట్టి, దానికి దారం కట్టి, స్తంభాల గీతలూ నేలపలకల గీతలూ అన్నీ ఆ మేకు దగ్గరికే లాగుతాడు. తర్వాత మేకు పీకేస్తాడు. ఆ ఖాళీ చర్చిలో మనుషుల్ని వెయ్యడం నా పని.

ఈసారి ముందువైపు మా అమ్మ మైకెన్‌ని వేశాను. ఆ చర్చి నేల తోమీ తోమీ ఆమె నడుం పడిపోయింది. పడిపోయాక చర్చి పెద్ద ఆమెని గుమ్మం తొక్కొద్దన్నాడు. ఈ బొమ్మ వేయించుకుంటున్నదీ వాడే; అందులో ముందువైపు తనూ ఉండాలన్నాడు.

చూడగానే మొహం చిట్లించాడు. "నా పక్కన ఈ ముసల్దేంటి? చెరిపేసి నా కుక్కని వెయ్యి."

"కుక్కనైతే లోపలికి రానిస్తారా అయ్యా?" అన్నాను.

మేస్త్రి నా కాలు తొక్కాడు. "నోటికాడ కూడు పోగొట్టకురా!"

చెరిపాను. కుక్కని వేశాను. పెద్దకి నల్ల మఖమల్ తొడిగి ముందు నిలబెట్టాను.

మళ్లీ వచ్చి మురిసిపోయాడు. "ఆ దూరాన నలుసులా ఎవరు?"

"నేల తుడిచే మనిషి అయ్యా."

"అంత చిన్నదైతే ఉండనీ. మెరుగునూనె పూసి పంపించండి."

వాడు వెళ్లాక మేస్త్రి బొమ్మ మీదికి వంగాడు. "ఒరేయ్, సరిగ్గా నా మేకు చిల్లు మీద వేశావు కదరా!"

"అవును. నిటారుగా నిలబెట్టాను. మీ స్తంభాలన్నీ మా అమ్మ దగ్గరికే పోతున్నాయి. వాడు దారికి అడ్డంగా నించున్నాడు, అంతే."

మేస్త్రి ఈసారి నా కాలు తొక్కలేదు. నూనె గిన్నె నా చేతిలో పెట్టాడు.

"అక్కడ రెండు పూతలు వెయ్యి."