తాగిన మట్టి

పైకప్పు మీద నీళ్ళు దబదబా పడుతున్నాయి. బడి ఆయా ఖాళీ తరగతి గదిలో, పిల్లలు కూర్చునే పొట్టి బల్ల మీద కూర్చుని తలెత్తి పైకే చూస్తోంది. మెడ పట్టేసినా చూపు తిప్పలేదు.

పిల్లల్ని పొద్దున్నే ఇళ్ళకు పంపేశారు. స్లాబుకు సన్నటి పగులు ఒకటుంది. దాని మీద ఆమె జిగురుతో కాగితం ముక్క అంటించింది. పగులు పెరిగితే కాగితం చిరుగుతుందని మేస్త్రీ చెప్పాడు.

ఆ కప్పు మీద తోట వేసింది ఆమె కూతురే. మట్టి వాననీళ్ళు తాగి మెల్లగా వదిలితే కింద వీధి మునగదని కూతురి లెక్క. నీళ్ళు తాగిన మట్టి ఎంత బరువెక్కుతుందోనని తల్లి బెంగ. రాత్రి కలలో ఆ కప్పు నాలుగుసార్లు కూలింది. నాలుగుసార్లూ కింద బల్లలు ఖాళీగా లేవు.

ఫోను మోగింది. పైనుంచి కూతురు.

“అమ్మా, ఇంకా అక్కడే ఉన్నావా? బయటికెళ్ళవే.”

“నువ్వు పైన ఉంటే నేనెక్కడికెళ్తాను? ముందు నువ్వు దిగు.”

“నేను దిగితే తూము ఎవరు చూస్తారు? దారంలా సన్నటి ధారే వస్తోంది. మిగతాదంతా మట్టే తాగుతోంది.”

“తాగినవాళ్ళెవరు తిన్నగా నిలబడ్డారే? నా భయం అదే. ఇంకెంతసేపు?”

“అరగంట పట్టొచ్చు. నీళ్ళ జోరు ఇంకా పెరుగుతుంది. దిటవుగా ఉండు.”

పెరిగింది. గోడలో ఎక్కడో టక్కుమంది. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. కాగితం అంచు కదిలినట్టే ఉంది. కళ్ళు నులుముకుని చూసింది. కదల్లేదు.

హెడ్మాస్టరమ్మ గేటు దగ్గర్నుంచి కేకేసింది. “ఆయమ్మా, వచ్చేయండి. మీకేమైనా అయితే నేనేం చెప్పుకోను?”

“మీరు లోపలికి రాకండమ్మా. మీకింకా బోలెడు సర్వీసుంది.”

బల్ల అంచును రెండు చేతులా పట్టుకుంది. దేవుళ్ళందరికీ మొక్కేసి, మొదటి దేవుడికి మళ్ళీ మొక్కడం మొదలుపెట్టింది.

ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. కాగితం చిరగలేదు. కింద ఒక్క చుక్క పడలేదు. బల్ల వదిలి లేచి, గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది.

వానాకాలంలో పిల్లలు ఆ కప్పు కింద కూర్చునేలోగా తాను కూర్చుని చూస్తానని వారం రోజులు పోట్లాడి ఆమె పిలిపించిన ఫైరింజను మనుషులు, మండుటెండలో గొట్టాలు చుట్టుకుంటున్నారు.