గణపతి అవుట్

"గణపతన్న మల్ల అవుట్! అయిదు మ్యాచులు, మొత్తం తొమ్మిది పరుగులు. ఈయనకు మ్యాచుకు పది రియాళ్లా?" ఇస్తారి చేతిలోని నీళ్ల సీసాను నేలకేసి కొట్టాడు.

నిజ్వా పట్నం పక్క ఎండిన వాగులో, వలస కూలీల క్యాంపు టీమ్ వరుసగా అయిదో శుక్రవారం ఓడిపోతోంది. కెప్టెన్ రఘుపతి మాత్రం స్కోరు రాసుకుంటూ తలెత్తలేదు.

"మనిషికి రెండు రియాళ్ల చందా ఏస్తున్నం రఘన్నా. అండ్ల నీకేమన్న వాటా ఉన్నదా?"

"లేదు."

"అయితే ఆయనే అవతలోళ్లకు అమ్ముడువోయిండు. నిన్న ఫోన్ల మాట్లాడంగ నా చెవులతోటి విన్న. 'ఎన్ని పైసలైనా కానీ, నాకు అవుట్ గావాలె' అన్నడు!"

రఘుపతి పెన్ను ఆగింది. "ఆ అవుట్ కాదురా. అవుట్‌పాస్. పాస్‌పోర్టు లేనోళ్లు ఇంటికి పోయే కాయిదం."

ఇస్తారి కిందపడ్డ సీసాను వంగి తీసుకున్నాడు.

"తోటల పని చేయించుకున్న అర్బాబు పాస్‌పోర్టు ఇయ్యలే. నాలుగేండ్ల సంది ఇంటి మొఖం సూడలే. వీసా గడువు దాటినందుకు జుర్మానా కడితేనే ఆ కాయిదం ఇచ్చి పంపుతరట. మనం పైసలు ఊకెనే ఇస్తే గణపతి తీసుకోడు. మ్యాచు ఫీజంటే తీసుకుంటడు."

"మరి ఆట?"

"ఆయనకు ఆటే రాదు. బ్యాటు పట్టుడు గూడ నేనే నేర్పిన."

గణపతి తల వంచుకుని వస్తున్నాడు. టీమంతా మొహం తిప్పుకుంది. ఇస్తారి ఎదురెళ్లి ఆయన చేతిలోని బ్యాటు అందుకున్నాడు.

"ఈసారి గూడ అవుటైన తమ్మీ."

"కానియ్యన్నా," అన్నాడు ఇస్తారి. "అసలు అవుట్ వచ్చేదాంక నువ్వే మా ఓపెనింగ్."