ఏడున్నర గ్రాములు

“ఏది తీసుకోమంటావు మావా? త్రీఎయిట్ రివాల్వరా, నైన్ ఎమ్మెమ్ పిస్తోలా?”

గోగునార తాడు పేనుతున్న అప్పలసూరి తలెత్తాడు. కొత్త ఎస్సై ఝాన్సీ అరుగు మీద కూర్చుని కాళ్లు ఊపుతోంది. ట్రైనింగు అయిపోయింది. సోమవారం చేతికి తుపాకీ ఇస్తారు. అప్పలసూరి పోలీసు ఆయుధాగారంలో ముప్పై ఏళ్లు తుపాకులు తుడిచి, బాగుచేసి, రిటైరైన హెడ్డు కానిస్టేబులు. ఇప్పుడు గజపతినగరం పక్కన సొంతూళ్లో చోడిచేను చూసుకుంటున్నాడు. ఈ మాట అతన్ని కాక ఇంకెవర్ని అడుగుతుంది?

“రివాల్వరే తీసుకో.”

“అందరూ నవ్వుతారు. ముసలాళ్ల తుపాకీ అంటన్నారు. ఆరే తూటాలు. పిస్తోలుకైతే పదమూడు.”

“ఆరుతో అవనిది పదమూడుతో అవుతాదేటి? రివాల్వరు సక్రం తెరిస్తే ఆరు బొక్కలూ కంటికి కనిపిస్తాయి. కడుపులో ఏటున్నాదో దాసుకోదది. పిస్తోలు అలాక్కాదు. మేగజీను కాళీ సేసి మళ్లీ దూర్సేసినా, గొట్టంలో ఒకటి కూకుండిపోతాది. పైకి తెల్దు. స్లైడు లాగి సూడాల.”

“లాగకపోతే?”

చేతిలో తాడు పురి వదిలేసింది. అప్పలసూరి మళ్లీ మొదట్నుంచీ అందుకున్నాడు.

“నాన్నది కూడా రివాల్వరే కదా?” అంది ఝాన్సీ.

“ఊఁ.”

వాళ్ల నాన్న దేవేంద్ర, అప్పలసూరితో ఒక్క కంచంలో తిన్న నేస్తం. అదే ఆయుధాగారంలో కానిస్టేబులు. ఇరవై ఒక్క ఏళ్ల కిందట, దసరా ఆయుధపూజ నాడు పోయాడు. తన రివాల్వరు తాను తుడుచుకుంటుంటే పేలిందని కాగితం. ఆ కాగితం రాసింది అప్పలసూరే. ఆ తర్వాత ఆ ఇంటికి మగదిక్కూ అతనే అయ్యాడు. ఝాన్సీని బళ్లో వేశాడు. జ్వరమొస్తే భుజాన వేసుకుని నడిచాడు. పోలీసు పరీక్ష రాస్తానంటే మాత్రం గడ్డం పట్టుకుని వద్దన్నాడు. ఆ ఒక్కమాటా ఆమె వినలేదు.

ఝాన్సీ కాళ్లు ఊపడం ఆపింది. సంచీలోంచి రెండు జిరాక్సు కాగితాలు తీసి అరుగు మీద పరిచింది.

“నాన్న ఫైలు తీయించాను. ఇది నువ్వు రాసింది. ఇది పోస్టుమార్టం.”

“ఎందుకమ్మా ఇప్పుడు?”

“తూటా లావు తొమ్మిది మిల్లీమీటర్లు అని ఉంది.”

“త్రీఎయిట్‌దీ రమారమి అంతే కదే లావు.”

“లావు ఒకటే. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. బరువు చూడు మావా. త్రీఎయిట్ తూటా పదకొండున్నర గ్రాములు. నాన్న వెన్నులోంచి తీసింది ఏడున్నర. ఏడున్నర దేనికుంటాది?”

అప్పలసూరి తాడు కింద పెట్టాడు. ఎదర కళ్లంలో కోడిపెట్ట ఆరబోసిన చోళ్లు కెలుకుతోంది. దాన్ని అదిలించలేదు.

“నైన్ ఎమ్మెమ్‌కి.”

“పిస్తోలు ఎవరి చేతిలో ఉంది?”

అతను చాలాసేపు కోడిపెట్ట వైపే చూశాడు.

“నా సేతిలో. పూజకి పీట మీద పెట్టినాం అన్నీ. బొట్టెడదామని ఎత్తినాను. మేగజీను దులిపినాను గానీ స్లైడు లాగలేదు. మీ నాన్న ఎదర కూకొని పూలు సర్దుతన్నాడు.”

“మరి నేనెక్కడున్నాను? నాకు చప్పుడు గుర్తుంది. నువ్వు నన్నెత్తుకుని పరిగెట్టావు. టపాకాయ అన్నావు.”

“బయట, మెట్ల మీద. బంతిపూలు గుచ్చుతన్నావు.” ఈ మాటకు మాత్రం అతను ఆలస్యం చెయ్యలేదు.

“రివాల్వరని ఎందుకు రాశావు?”

“పిస్తోలని రాస్తే ఎవరెత్తారని అడుగుతారు. మీ నాన్న రివాల్వరు మీ నాన్న సేతిలో పేలిందంటే ఎవుడూ ఏటీ అడగడు.”

“నీ ఉద్యోగం నిలబడింది. పింఛనొస్తంది. మా నాన్నేమో తన తుపాకీ తనే పేల్చుకున్న చేతకానోడయ్యాడు. మా అమ్మ నిన్ను దేవుడంటాది, తెలుసా?”

“తెలుసు.”

“ఇప్పుడు చెప్పింది రాసియ్యి.”

పెన్ను అతని ఒళ్లోకి విసిరింది. అప్పలసూరి కళ్లజోడు తుడుచుకుని రాశాడు. కింద సంతకం పెట్టి, తేదీ వేసి, రెండు చేతులా అందించాడు.

“సోమవారం ఎస్పీగారికి ఇస్తాను.”

“ఇయ్యమ్మా.”

“ఇంకేమైనా చెప్పేది ఉందా?”

అతని పెదవులు కదిలాయి. “రివాల్వరే తీసుకో.”

ఆమె కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచింది. వచ్చినప్పుడు అతనిచ్చిన మజ్జిగ ముట్టనేలేదు. బండి దగ్గర ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరగకుండానే అంది:

“ఇంక మా ఇంటికి రాకండి, అప్పలసూరిగారూ.”

పలకా బలపం పట్టని నాటి నుంచీ ‘మావా’ అన్న నోరది. బండి చప్పుడు రోడ్డెక్కి, మలుపు తిరిగి, ఆగిపోయేదాకా అప్పలసూరి అలాగే కూచుండిపోయాడు. పింఛను పోతే పోనీ. జైలన్నా సరే. ఆ పొద్దు ఒక్కసారి స్లైడు లాగి చూసుంటే! తుపాకీని నమ్మినవాడి తప్పు ఎప్పటికీ తప్పే. రక్తం మడుగులో దేవేంద్ర తన చెయ్యి పట్టుకుని, “సెప్పకురా సూరీ,” అన్నాడు. అదే ఆఖరిమాట. ఇవాళ్టికీ ఆ మాట నిలబెట్టాడు.

పీట మీది పిస్తోలు ఎత్తి, “నాన్నా, డిష్యుం,” అన్నది ఐదేళ్ల ఝాన్సీ.